ఇంటికొచ్చిన నీడ

ఎండలు ముదురుతున్న ఆ గురువారం సాయంత్రం అయిదున్నరకి, కోడలు పెరట్లో ఆరిన బట్టలు తీస్తోంది. అత్తగారు అరుగు మీద చివరి ఎండలో మోకాళ్ళు చాపుకుని జపం చేసుకుంటోంది. కీళ్ళనొప్పుల మనిషి, ఆ కాస్త ఎండే ఆవిడకి మందు.

ఆవిడ కొడుకు అడవిలో రంపం మనిషి. కోసిన చెట్టు లారీ ఎక్కి పోయేది, దాని నీడ మాత్రం అతని వెంట ఇంటికొచ్చేది. కుర్రచెట్ల నీడలు వారం తిరక్కుండా మాసిపోయేవి. ఈలోగా కోడలు వాటిని ఊరికే పోనిచ్చేది కాదు. ఒకదాని కింద నీళ్ళకుండ పెట్టేది, ఇంకోదాని కింద కూరలు పరిచేది.

గట్టు మీది ముసలిచెట్టు తాతల తాతలు పుట్టకముందుది. అంత మానుని కోయగలిగింది ఆ చుట్టుపక్కల అతనొక్కడే. మేస్త్రీ కోయమన్నప్పుడు రెండు రోజులు నాన్చాడు.

"దాని జోలికి పోకురా," అంది తల్లి. "ఆ నీడ మన కొంపలో పట్టదు."

"పట్టకపోతే సగం పక్కింటివాళ్ళకి ఇచ్చేద్దాం లేమ్మా," అని నవ్వాడు గానీ, ఆ ఉదయం గుమ్మంలో ఆగి పెళ్ళాం మొహం చూశాడు. "ఏమంటావ్? వెళ్ళనా, మాననా?"

ఆమె పైన రేకుల కేసి చూసింది. మిట్టమధ్యాహ్నం పెనంలా కాలే రేకులు.

"వెళ్ళిరా. పెద్ద నీడొస్తే ఈ వేసవి గట్టెక్కేస్తాం."

అయిదున్నరకి అతనొచ్చాడు. వెనకాలే అదీ వచ్చింది. వాకిలి నిండింది, పెరడు నిండింది, కప్పు మీదుగా పొర్లి అరుగు మీదికి దిగింది. కోడలి చేతిలో ఆరిన చీర చెమ్మగిల్లింది. అత్తగారి మోకాళ్ళ మీది ఎండ ఎవరో లాగేసుకున్నట్టు జారిపోయింది.

"వచ్చిందా?" అంది ఆవిడ. అంతే. తిట్టినా బాగుండేదనుకున్నాడు కొడుకు.

రేకులు చల్లబడ్డాయి. ఆ చల్లదనం కోడలి ఒంటికి పట్టలేదు. "అత్తయ్యా, వెళ్ళిరమ్మన్నది నేనే."

"తెలుసమ్మా. నీడ కోరుకోవడం తప్పు కాదు. దాన్ని నిలబడ్డచోటే ఉండనిచ్చి, మనమే దాని కిందికి వెళ్ళాల్సింది."

మర్నాడు ఊరంతా తెల్లారింది, ఆ ఇంట్లో తప్ప. గట్టు మీద మిగిలిన మానుల కోసం మేస్త్రీ వచ్చి వీధిలోంచి కేకేశాడు. "ఏమోయ్, ఇంకా దీపం ఆర్పలేదా? పద, లారీ ఎదురుచూస్తోంది!"

"నేను రాను. అమ్మకి ఎండ చూపించాలి."

"రోజూనా?"

"ఈ నీడ పోయేదాకా."

అంత ముసలిచెట్టు నీడ ఎన్నాళ్ళుంటుందో మేస్త్రీకీ తెలుసు. లారీ కేసి వెళ్ళిపోయాడు.

రంపం మూలనే ఉండిపోయింది. తల్లిని వీపున ఎక్కించుకుని అతను, తడిబట్టల గంపతో కోడలు గట్టెక్కారు. మొద్దు చుట్టూ ఎండ విరగకాస్తోంది. ఆవిడ దానికి దణ్ణం పెట్టుకుని గానీ పైన కూర్చోలేదు.

"అమ్మాయ్, కింద చూడు."

మొద్దు మొదట్లో జానెడేసి మొక్కలు. పుట్టాక ఎండ మొహం ఎరగనివి, ఆకులు వాల్చేసి ఉన్నాయి.

కోడలు గంపలోంచి తడి దుప్పటి తీసింది. అతను నాలుగు కర్రలు పాతాడు. అంత చెట్టు నిలబడ్డచోట ఆ దుప్పటి నీడ చేటంత పడింది. పొద్దుతోపాటు దాన్ని మొక్కల మీదికి జరుపుకుంటూ, ముగ్గురూ అక్కడే ఉండిపోయారు.