నొప్పి బిళ్లలు మందులేంటమ్మా

నాకు వ్యతిరేకంగా మాట్లాడటానికి తేజేశ్వర్ ఒలింపియా వెళ్తున్న రోజు పొద్దున, అతని చొక్కా నేనే ఇస్త్రీ చేశాను. ఇందులో త్యాగమేమీ లేదు. ఇస్త్రీపెట్టె వేడిగా ఉంది, నా కుర్తా అయిపోయింది, పక్కన అతని చొక్కా కనిపించింది. పదహారేళ్ల కాపురంలో చేతులు ముందు పనిలోకి దిగుతాయి, బుర్ర తీరిగ్గా వస్తుంది. అతను అద్దం ముందు టై సరిచేసుకుంటూ నవ్వాడు. "నువ్వు ప్రో, నేను కాన్. పిల్లలకి చెప్పకు, కొట్టుకుంటున్నామనుకుంటారు" అన్నాడు.

మా వాషింగ్టన్ రాష్ట్రంలో ఏ బిల్లు మీదైనా మామూలు జనం రాజధాని ఒలింపియాలోని శాసనసభ కమిటీకి తమ మాట చెప్పుకోవచ్చు. ఆన్‌లైన్‌లో పేరిచ్చి, అనుకూలమైతే ప్రో, వ్యతిరేకమైతే కాన్ నొక్కాలి. కావాలంటే ఇంట్లోంచే వీడియోలో మాట్లాడొచ్చు. ఈ బిల్లు సైకాలజిస్టులది. నాలాంటివాళ్లం మనుషుల గోడు వింటాం, మందు మాత్రం రాయలేం. అదనంగా చదివి, డాక్టరు కింద శిక్షణ పొంది, పరీక్ష పాసైతే మనసు జబ్బులకు మేమూ మందులు రాయొచ్చని ఆ బిల్లు. కొన్ని రాష్ట్రాల్లో ఇప్పటికే ఉంది. ఇక్కడ మందు రాసే సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ దొరకాలంటే నెలలు పడుతుంది. ఆ నెలల్లో మనిషి ఏమైపోతుందో నాకు తెలుసు, నా ఎదురు కుర్చీలో కూర్చునేది ఆ మనిషే కాబట్టి. తేజేశ్వర్ సైకియాట్రిస్టు. బాతెల్ ఊళ్లో మా క్లినిక్ బోర్డు మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, అతనిది పైన.

ఆ అదనపు చదువు నేనెప్పుడో ముగించాను. బిల్లు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడైనా వస్తుందన్న ఆశతో, డైనింగ్ టేబుల్ మీద ఒక పక్క బీరకాయలు, ఇంకో పక్క ఫార్మకాలజీ పుస్తకం పెట్టుకుని చదివాను. "మంచి హాబీ" అనేవాడు తేజేశ్వర్. "ఇంట్లో ఒక డాక్టరుండగా నీకెందుకమ్మా ఈ తిప్పలు? ఆ టైములో పిల్లల లెక్కలైనా చూడొచ్చుగా" అనేది మా అత్తగారు నాగమల్లేశ్వరి. నేనూ డాక్టర్నే, మనస్తత్వశాస్త్రంలో. అయినా ఫోన్‌లో ఎవరైనా "డాక్టరు గారున్నారా?" అంటే "బయటికెళ్లారండి" అని నా నోరే చెబుతుంది.

ఇక్కడి తెలుగువాళ్లకి నా అవసరం తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో పడుతుంది. నేరుగా క్లినిక్‌కి వస్తే పిచ్చి అని పేరు పడుతుందని భయం. మగవాళ్లు తేజేశ్వర్‌ని గరాజ్‌లోకి తీసుకెళ్లి "బ్రో, నిద్ర పట్టట్లేదు" అంటారు. ఆడవాళ్లు సింక్ దగ్గర నా చేతిలో గిన్నె లాక్కుని తోముతూ, నీళ్ల చప్పుడు చాటున చెప్పుకుంటారు. తిరుగుదారిలో కారులో నేను తేజేశ్వర్‌కి అప్పజెబుతాను, ఎవరి బాధ ఏమిటి, ఏ మందు పడొచ్చు, ఎంతతో మొదలుపెట్టాలి అని. "ఊఁ" అంటాడు. ఆ వారంలో వాళ్లను క్లినిక్‌కి రప్పిస్తాం. అదే మందు, అదే డోసు, అతని పేరు మీద ఫార్మసీకి వెళ్తుంది. "వంట మా ఆవిడది, వడ్డన నాది" అని స్నేహితుల దగ్గర జోకులేస్తాడు కూడా. నేనూ నవ్వేదాన్ని.

అందుకే అతను కాన్ నొక్కాడంటే ఒళ్లు మండినా ఆశ్చర్యపోలేదు. వాళ్ల సైకియాట్రిస్టుల సంఘం వాళ్లు రమ్మన్నారు, వెళ్తున్నాడు. మందు గుండెనీ మూత్రపిండాల్నీ కూడా తాకుతుంది, మెడికల్ స్కూల్ చదవనివాళ్లకి అది తెలియదు అంటాడు. అనుకోనీ, వాదన వాదనే. నేను నా జవాబు సిద్ధం చేసుకున్నాను. పిల్లలు బడికి వెళ్లాక లాప్‌టాప్ తెరిచాను. మాట్లాడేవాళ్లలో నా పేరు చివర్లో ఉంది. కొడుకుని టీవీలో చూసినట్టుంటుందని అత్తయ్య కాఫీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చుంది.

తేజేశ్వర్ మైకు ముందుకొచ్చాడు. గుండె గురించీ మూత్రపిండాల గురించీ ఏమీ అనలేదు. "మా క్లినిక్‌లోనే జరిగిన సంగతి చెబుతాను" అన్నాడు ఇంగ్లీషులో, తన మెత్తటి గొంతుతో. "ఇండియా నుంచి కూతురి దగ్గరికొచ్చిన ఒక పెద్దావిడ. దిగులుకి మందు వాడుతున్నారు. చెమటలు, వణుకు మొదలయ్యాయి. మా సైకాలజిస్టు చూసి యాంగ్జైటీ అనుకుంది, డోసు పెంచమని నాకు చెప్పింది. నాకు అనుమానం వచ్చి మందు ఆపించాను. ఆవిడ ఇండియా నుంచి తెచ్చుకున్న నొప్పి మాత్ర ఈ మందుతో కలిసి విషమైంది. ఇంకో పూట ఆగితే మనిషి దక్కేది కాదు. ఆ రోజు మందు రాసే హక్కు ఆ సైకాలజిస్టుకే ఉండుంటే?" చిన్నగా నవ్వాడు. "చాలా మంచి సైకాలజిస్టు. నా భార్య కూడా." గదిలో నవ్వులు. కమిటీలో ఒక సభ్యురాలు, అప్పటిదాకా మా వైపే ఉందనుకున్నావిడ, "థాంక్యూ డాక్టర్, నా భయం సరిగ్గా ఇదే" అని ఏదో రాసుకుంది.

"నీ గురించి కూడా చెప్పాడే!" అంది అత్తయ్య సంబరంగా. "మంచి సైకాలజిస్టు అన్నాడు, విన్నావా?"

విన్నాను. తెర మీదున్న మనిషి నా భర్తేనా అని నిజంగా ఒకసారి పరీక్షగా చూశాను. ఆ పెద్దావిడ లీలావతి గారు. అనుష్క అనే అమ్మాయి తల్లి. మనవణ్ణి చూసుకోవడానికి వచ్చి, రోజంతా నాలుగు గోడల మధ్య ఉండి దిగులుపడిపోయింది. తేజేశ్వర్ ఇంగ్లీషులో "వేరే మందులేమైనా?" అని కూతుర్ని అడిగాడు. "నో" అంది అనుష్క. దిగులుకి మందు రాశాడు. కొన్నాళ్లకి అనుష్క ఫోన్ చేసి అమ్మ వణుకుతోందంటే, "మొదట్లో యాంగ్జైటీ పెరుగుతుంది, డోసు పెంచుదాం" అన్నాడు, నా ముందే. మధ్యాహ్నం ఆవిడ నా గదికి వచ్చింది. చలికాలంలో జాకెట్టు చెమటతో తడిసిపోయి ఉంది, పాదాలు వాటంతటవే ఎగిరెగిరి పడుతున్నాయి. నాకు భయం వేసింది. "అమ్మా, రోజూ ఏమేం మందులు వేసుకుంటారు?" అని తెలుగులో అడిగాను. "మందులేం లేవమ్మా, సార్ ఇచ్చిందొక్కటే" అంది. మన అమ్మల సంగతి నాకు తెలుసు. బీపీ బిళ్ల మందు కాదు, షుగరు బిళ్ల మందు కాదు, మందంటే జ్వరమొస్తే వేసుకునేది. "మరి మోకాళ్లకో?" అన్నాను. "అవా? విజయవాడ నుంచి బోర్న్‌వీటా డబ్బా నిండా తెచ్చుకున్నాగా. నొప్పి బిళ్లలు మందులేంటమ్మా!" అంది, నా అమాయకత్వానికి జాలిపడుతూ. హ్యాండ్‌బ్యాగులోంచి ఒక పట్టీ తీసి చూపించింది. ట్రమడాల్. నేను పరుగెత్తి తేజేశ్వర్ గది తలుపు తోశాను. రెండు మందులూ ఆపాలన్నాను, ఎందుకో చెప్పాను, ఇప్పుడే ఎమర్జెన్సీకి పంపాలన్నాను. సైకాలజిస్టు చెబితే ఆస్పత్రివాళ్లు పట్టించుకోరని ఫోన్ అతని చేతికిచ్చాను. ఆవిడ బతికింది. అనుష్క అతనికి స్వీట్ల పెట్టె తెచ్చిచ్చింది.

అతనికి మెసేజ్ పెట్టాను. "లీలావతి గారి విషయం అలా జరగలేదు, తేజా." వెంటనే జవాబు వచ్చింది. "అలాగే కదా జరిగింది? ఎమర్జెన్సీకి ఫోన్ చేసింది నేనే. యాంగ్జైటీ అన్నది నువ్వే, నేనైతే అనను. ఎమోషనల్ అవకు. నీ పేరు చెప్పలేదుగా."

నేనైతే అనను. ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. అబద్ధమాడాడనుకున్నాను, అదైతే బాగుండేది. అబద్ధమాడేవాడికి నిజం ఎక్కడుందో తెలిసి ఉంటుంది. ఇతనికి నిజంగా అలాగే గుర్తుంది. తప్పు జరిగింది కాబట్టి అది నాది, మనిషి బతికింది కాబట్టి అది తనది. ఎవరూ కూర్చుని కుట్ర చేయలేదు, అన్నం ఉడికినంత మామూలుగా అతని బుర్రలో అది అలా సర్దుకుపోయింది. మరి కారులో చెప్పిన అన్నేళ్ల మాటలు? అవన్నీ అతనికి తన ఆలోచనలేనా? ఈ మనిషి జ్ఞాపకంలో నేను ఎక్కడైనా ఉన్నానా, లేక గిన్నెలు తోముతూ, చొక్కాలు ఇస్త్రీ చేస్తూ మాత్రమే ఉన్నానా? ఇన్నేళ్లూ రోజుకెంతమందో నా ముందు కూర్చుని "ఆయన అలా జరగలేదంటారండీ, నాకే పిచ్చేమో అనిపిస్తుంది" అని ఏడిచారు. వాళ్లకి ధైర్యం చెప్పి పంపేదాన్ని. ఇప్పుడు వాళ్ల కుర్చీలో నేనున్నాను.

"ఏమైందే, అలా ఉన్నావు?" అంది అత్తయ్య.

"డోసు పెంచుదామన్నది మీ అబ్బాయి, అత్తయ్యా. ఆపించింది నేను. అక్కడ తిరగేసి చెప్పాడు."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. నా మాట నమ్మలేదని అనను. నమ్మినందుకే కంగారుపడింది. "ఇంటి గుట్టు బజార్న పెడతావా? వాడి లైసెన్సుకి ఏమైనా అయితే? వాడొచ్చాక నిదానంగా అడుగు. పొరపాటు ఒప్పుకుంటాడు, వాడు చెడ్డవాడు కాదు."

అవును, చెడ్డవాడు కాదు. ఇంటికొచ్చాక అడిగితే "అయ్యో, అవునా? సారీ" అంటాడు. కానీ ఈలోపు ఆ సభ్యురాలు కాన్ అనేస్తుంది, బిల్లు చచ్చిపోతుంది, నా ఎదురు కుర్చీలో మనుషులు మళ్లీ నెలల తరబడి ఎదురుచూస్తారు. అదీ నేను చేయని పొరపాటు పుణ్యమా అని. మాట్లాడితే క్లినిక్ ఏమవుతుందో, కాపురం ఏమవుతుందో నాకు తెలియదు. భయంగానే ఉంది. లీలావతి గారి పేరు మాత్రం నా నోట రాకూడదనుకున్నాను. సిద్ధం చేసుకున్న ఉపన్యాసం పక్కన పెట్టేశాను.

నా పేరు పిలిచారు. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది. మెల్లగా విడిపించుకుని కెమెరా ఆన్ చేశాను.

"ఇందాక డాక్టరు గారు చెప్పిన సైకాలజిస్టును నేనే" అన్నాను. "ఆ మందు రాసింది ఆయన. డోసు పెంచుదామన్నది ఆయన. పేషెంటుని ఇంకో ప్రశ్న అడిగి, దాన్ని ఆపించింది నేను."

కమిటీ గదిలో వెనక వరసలో తేజేశ్వర్ ఫోన్‌లోంచి తలెత్తాడు. మండిపడతాడనుకున్నాను. కానీ నోరు కొద్దిగా తెరుచుకుని, తెర మీదున్న నా వంకే చూస్తున్నాడు. ఆ సంగతి అతను మొదటిసారి వింటున్నాడు.