ఇంకొక్క చుక్క

గడియారాలు బాగుచేసే మనిషికి చెయ్యి వణకదు. కంటికి భూతద్దం తగిలించుకుని నలభై ఏళ్ళు ఆవగింజంత మరలు బిగించినవాడు మరి! కానీ దేవుడు చేతికిచ్చింది కంటికివ్వలేదు. ఆయనకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. అలాంటి మనిషి ముందుగదిలో ఉప్పునీళ్ళ గాజుతొట్టె పెట్టి రంగురంగుల పగడాలు పెంచుకుంటే జనం నవ్వరూ? నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయన భార్యే. నవ్వుతూనే బొటనవేలి గోరంత పగడపు ముక్క కొని తెచ్చి, "ఇది ఊదారంగు. నా మాట నమ్మండి," అంది. ఆయన నమ్మాడు. పన్నెండేళ్ళలో అది రెండు దోసిళ్ళంత అయింది.

పగడం పెరగాలంటే నీళ్ళలో కాల్షియం ఉండాలి, క్షారం ఉండాలి. ఆ రెండూ అత్తాకోడళ్ళ లాంటివి. ఒకరిని బుజ్జగిస్తే రెండోవారు మూతి ముడుచుకుంటారు. రెండూ మితిమీరాయా, కలిసి సున్నపు పెచ్చుగా గడ్డకడతాయి. అందుకే ప్రతి ఆదివారం పొద్దున్నే పరీక్ష. గాజు గొట్టంలో తొట్టెనీళ్ళు పోసి, రంగుమందు కలిపి, ఆయన సీసాలోంచి చుక్క చుక్కగా మరో మందు వేసేవాడు. ఎన్నో చుక్కకి ఆకుపచ్చ గులాబీ అవుతుందో ఆవిడ చూసి చెప్పేది. ఎన్ని చుక్కలు పడితే అంత క్షారం. ఆయన నోటుపుస్తకంలో పన్నెండేళ్ళూ ఒకటే అంకె: పది.

ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. మొదట్లో పరీక్షల ఊసే లేదు, పాత కొలతల ప్రకారం కాల్షియం, క్షారం పొడులు కలిపి పోస్తూ వచ్చాడు. మూడు నెలల కిందట ఆవిడ చెల్లెలు పక్కవీధిలోకి మారింది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి, ఆమె కళ్ళు తూకపు రాళ్ళు. మొదటి ఆదివారమే గొట్టం చూసి "ఎనిమిది" అంది.

"ఎనిమిదేమిటి? పదుండాలి!" అన్నాడాయన. పెళ్ళాం అప్పగించి పోయిన పగడం తన చేతిలో పాడైపోతోందనుకున్నాడు. క్షారం పెంచాడు. కాల్షియం పడిపోయింది. కాల్షియం పెంచాడు. క్షారం పడిపోయింది. మూడు నెలలూ ఇదే తంతు. నీళ్ళను వేడిచేసే కడ్డీకి తెల్లగా పెచ్చు కట్టింది. ఆ తర్వాత ఒక ఆదివారం ఆవిడ పగడం కొసలు కూడా తెల్లబడ్డాయి. తెలుపు ఆయనకూ కనిపిస్తుంది.

"ఇది కూడా పోతే ఆవిడ నాకు రెండోసారి పోయినట్టే," అన్నాడు కుర్చీలో కూలబడి.

"ముందు ఆ ఏడుపు ఆపి పుస్తకం ఇలా ఇవ్వు బావా." మరదలు పేజీలు తిప్పింది. "ప్రతి వారం పదేనా? సరే, అక్క ఎలా చెప్పేదో చెప్పు. అచ్చం ఆమె మాటల్లోనే."

"ఎలా చెబుతుంది, అందరిలాగే! 'ఆఁ, వస్తోంది... వచ్చేసింది. ఇంకొక్కటి వెయ్యండి. అబ్బ, ఎంత బావుందో! ఇంకొక్కటి... ఆఁ, ఇక చాలు.' అంతే."

మరదలు చేతిలో పేజీ అలాగే ఆగిపోయింది.

"ఓరి దేవుడా! వచ్చేసింది అన్నాక రెండు వేయించేదా? గులాబీ ఇంకాస్త ముదరాలని! బావా, నువ్వు చాలు చాలు అంటే మా అక్క ఎప్పుడైనా గరిటె ఆపిందా? ఈ పొట్టే సాక్ష్యం."

ఆయన తన పొట్టకేసి చూసుకున్నాడు. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందులోంచి వడ్డించే మనిషి. అంటే తొట్టెలో ఎప్పుడూ ఉన్నది ఎనిమిదే! పైన రెండూ ఆవిడ కొసరు. ఆవిడ పోయిన రోజున కూడా అంతలా ఏడవలేదు. మరదలు నవ్వుతూ మొదలుపెట్టి తానూ కొంగు కళ్ళకద్దుకుంది.

పొడులు ఆపేశారు. వారం వారం కొంచెం పాత నీళ్ళు తీసి కొత్త ఉప్పునీళ్ళు పోశారు. క్షారం ఎనిమిదికి దిగాక మళ్ళీ పాత కొలతలే. ఏడో ఆదివారం మరదలు అద్దానికి ముక్కు ఆనించి చూసింది.

"కొసలకు రంగు తిరుగుతోంది బావా."

"ఏ రంగు?"

"ఊదా. ఇంకే రంగు! నమ్మవా?"

ఆయన నమ్మాడు. తర్వాత పరీక్షకు కూర్చున్నారు. ఒకటి, రెండు, మూడు... ఎనిమిదో చుక్కకు ఆమె, "వచ్చేసింది. చాలు," అంది.

ఆయన చెయ్యి దించలేదు. నలభై ఏళ్ళలో వణకని చెయ్యి గొట్టం మీద వణుకుతోంది. మరదలు ఆ చేతికేసి చూసింది, పుస్తకం కేసి చూసింది.

"సరే," అంది మెల్లగా. "ఇంకొక్కటి వెయ్యి."

చుక్క పడింది.

"ఇంకొక్కటి."

ఆయన మందు సీసా మూత బిగించి, పుస్తకం తెరిచి, పది అని రాసుకున్నాడు.