ఆఖరి చాప

మా సంఘంలో రొట్టె పంచుకునే ప్రభువు బల్లకు దూరం పెట్టినవాళ్లకు వేరే చోటుంది. గుమ్మం పక్కన ఆఖరి చాప. ఆరు నెలలు అక్కడే కూర్చోవాలి. రొట్టె అందదు, ఎవరూ వందనాలు చెప్పకూడదు. ఈ నియమం రాసింది ఎవరో కాదు, మా ఆయనే. కళింగపట్నం మిషన్ బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన జ్ఞానానందం మాస్టారు, సంఘ పెద్ద. ఎవరికోసం రాశాడో తెలియదు గాని, తనకోసమని మాత్రం అనుకుని ఉండడు.

అరవై ఎనిమిది ఎండాకాలంలో సాలూరు దగ్గర ఆయన అక్క దాలమ్మ పోయింది. తల్లి లేని ఈయన్ను పెంచింది ఆవిడే. ఈయన ప్రభువును నమ్ముకున్నా ఆవిడ తన దేవుళ్లను విడవలేదు, తమ్ముణ్ణీ విడవలేదు. పిల్లల్లేరు. మరిది కొడుకులు పొలం తగాదా మనసులో పెట్టుకుని తలకొరివికి ముందుకు రాలేదు. పొద్దుటినుంచీ శవం వాకిట్లోనే ఉంది. చివరికి మా ఆయనే కుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరిగి, నిప్పు పెట్టాడు. మా సంఘంలో అది చాప మీద కూర్చోబెట్టే తప్పు.

ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా పాస్టరు దగ్గరికి బయల్దేరాడు. అడ్డుపడదామని నేనూ వెనకే వెళ్లాను. పాస్టరు డేవిడ్‌రాజు ఈయన దగ్గర అక్షరాలు దిద్దినవాడే. పాస్టరైన రోజునుంచీ ఈయన మాత్రం అతన్ని అయ్యగారూ అనే పిలుస్తాడు.

"అక్కడెక్కడో జరిగింది ఇక్కడెవలికి తెలుస్తాది మాస్టారూ? ప్రార్థన సేసుకుందాం, వదిలీండి," అన్నాడు డేవిడ్‌రాజు.

"మరి దానమ్మకేటి సెప్తాం అయ్యగారూ?"

సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టుకునే దానమ్మను, కన్నతల్లి దినానికి పిండాల అన్నం వండిందని, ఎనిమిదేళ్ల కిందట ఆ చాప మీద కూర్చోబెట్టింది ఈయనే. ఆరు నెలలూ కూర్చుంది, తరవాత రావడం మానేసింది. విశ్వాసం వదిలి లోకంలో పడిపోయిందని అందరం తేల్చేశాం.

"మీరు సెప్పండి, నేను కూసుంటాను," అన్నాడు మా ఆయన.

ఆదివారం డేవిడ్‌రాజు ఆ మాట సంఘం ముందు చదివాడు. ఈయన ముందు వరస నుంచి లేచి, ఎవరి మొహం చూడకుండా వెళ్లి గుమ్మం పక్కన కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక జనం అలవాటుగా వందనాలు చెప్పబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఇంట్లోనన్నా నేను వందనాలు సెప్పొచ్చునా?" అని అడిగాను.

"నువ్వు సంఘం కావేటి దేవమణీ?"

ఆ పూట కూరలో కావాలనే ఉప్పు వెయ్యలేదు. నోరెత్తకుండా తినేశాడు, అది నన్ను ఇంకా మండించింది. వారాలు గడిచేకొద్దీ ఆయన మాటలు తగ్గిపోయాయి. ఒకే ఇంట్లో ఉన్నా ఎవరికి వాళ్లం ఒంటరివాళ్లమైపోయాం.

మూడో నెలలో ఒకనాడు ఉన్నట్టుండి, "ఆ మనిసి ఒక్కర్తీ ఆరు నెల్లు ఎలా కూసుందే?" అన్నాడు. ఆ సాయంత్రమే ఇద్దరం దానమ్మ దగ్గరికి వెళ్లాం. చేపలు తిరగేస్తోంది. తలెత్తలేదు.

"దానమ్మా, నేనూ ఆ సాప మీదే ఉన్నాను."

"ఇన్నాను."

"నువ్వెందుకు మానేసావు?"

అప్పుడు లేచి నిలబడింది. "ఆరు నెల్లయ్యాక సంఘ పెద్ద ఇంటికొచ్చి పిలవాలని మీరే రాసారు కదా మాస్టారూ. ఆ ఆదివారం తానం సేసి గుమ్మంలో కూసున్నాను. గంట ఇనిపించింది. పాటలూ ఇనిపించాయి. మీరు రానేదు."

"మర్సిపోనాను," అన్నాడు మా ఆయన. "ఇప్పుడు పిలిస్తే వస్తావా?" అని అడిగాడు.

"పిలవడానికి మీకిప్పుడు అదికారం ఉన్నాదా?"

"నేదు."

తిరిగి వస్తూ దారంతా ఏడ్చాడు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆయన ఏడవగా చూడడం అదే మొదలు. ఇంటికి రాకుండా సరాసరి డేవిడ్‌రాజు గుమ్మంలోకి వెళ్లి, "అయ్యగారూ, నా తప్పు ఇంకోటున్నాది," అన్నాడు.

మర్నాడు డేవిడ్‌రాజు వెళ్లి దానమ్మను పిలిచాడు. వెంటనే రాలేదు. ఆ తరవాత రెండో నెల బల్ల ఆరాధనకు వచ్చింది. నా పక్కన కూర్చుని, ఎనిమిదేళ్ల తరవాత రొట్టె అందుకుంది. వెనక చాప మీద మా ఆయన ఒక్కడే ఉన్నాడు. తిరిగి చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు.

అందరూ వెళ్తుంటే దానమ్మ ఆయన ముందు ఆగింది.

"ఇంకా ఎన్నాళ్లు మాస్టారూ?"

"నెల్లాళ్లు."

"ఆ ఆదివారం పెద్దల్తో నేనూ వస్తాను పిలవడానికి," అంది. "నేను మర్సిపోను."