మైకు సరిచూసే మనిషి

అయినా వైరును మోచేతికి చుట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాలి ఈ మనుషులకు, అలా చుడితే పైకి నిక్షేపంలా ఉంటుంది, లోపల తీగ ఎక్కడో తెగుతుంది, తెగిన సంగతి సరిగ్గా వేదిక మీదే బయటపడుతుంది అనుకుంటూ ఆమె ఖాళీ హాలులో నేల మీద కూర్చుని, మరిది ఉండచుట్టి పడేసిన మైకు వైర్ల చిక్కు విప్పుతోంది. చిక్కులు విప్పడం ఆమెకు బాగా అలవాటైన పని. బ్యాండులో పాట భర్తది, డ్రమ్ములు మరిదివి, గిటారు భర్త స్నేహితుడిది. మిగిలినవన్నీ ఆమెవి. హాలు వాళ్లతో బేరం, పోస్టరు, వ్యాను, ఎవరు ఎవరి మీద అలిగారో కనిపెట్టి సర్దిచెప్పడం. "వాడి గొంతు జాగ్రత్తమ్మా, చల్లనీళ్లు తాగనివ్వకు" అని అత్తగారు ఫోను చేస్తే ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్లు నింపడం. ఆమె గొంతుకు ఏది పడుతుందో, ఏది పడదో ఇంతవరకు ఎవరూ అడగలేదు. పోనీ తనైనా అడిగి చూసుకుందా అంటే అదీ లేదు.

ఈ రోజు కచేరీ కాదు. కొత్తగా బ్యాండ్లు పెట్టుకుంటున్న పిల్లలకు భర్త నాలుగు మంచిమాటలు చెప్పి, చివర ఒక పాట పాడతాడు. ఆ మంచిమాటలు నిన్న కూర మాడకుండా కలుపుతూ ఆమె చెబుతుంటే, అతను బల్ల దగ్గర కూర్చుని రాసుకున్నాడు. పేరొస్తుంది కదా, ఊరికే వాయించండి అన్నవాడు రేపూ ఊరికే పిలుస్తాడు. ఒప్పుకున్నది ఏదైనా కాగితం మీద పెట్టించుకోండి. హాలు మనిషి ఫోను చేస్తే ఆ రోజే జవాబివ్వండి. పాట రికార్డు చెయ్యకముందే, అందరూ నవ్వుతూ ఉన్నప్పుడే, దాన్ని ఎవరు కట్టారో తేల్చుకోండి. అక్కడ అతని కలం ఆగింది.

"ఇది వద్దులే. స్నేహితుల మధ్య ఈ గొడవలేంటి? వినడానికి బాగోదు."

"మరి మన మొదటి పాట?"

"మన పాటే కదే! ఎవరన్నా కాదన్నారా?"

ఎవరూ కాదనలేదు. జ్వరంతో ఉన్న పాపను భుజాన వేసుకుని, ఒక మధ్యాహ్నమంతా వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఆమె కట్టుకున్న పాట అది. పల్లవి చెవిన పడగానే అతను గిటారు తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నాడు. సాయంత్రం పాపకు చెమట పట్టి జ్వరం దిగుతుంటే చరణం దానంతటదే వచ్చింది. ఇప్పుడతను ఆ పాట ముందు కళ్లు మూసుకుని, "నా గుండెల్లోంచి పుట్టిన పాట" అంటాడు. పాడాక ఆమెను చూపించి, "మా మేనేజరుగారు! ఈవిడ లేకపోతే నా చెప్పులు కూడా నాకు దొరకవు" అంటాడు. జనం నవ్వి చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లలో తన చేతులూ కలుస్తున్నాయని, ఎవరో పరాయి మనిషి కోసం కొట్టినట్టు తన కోసం తనే కొడుతోందని, ఆమెకు ఆలస్యంగా తెలిసింది. తెలిశాక కూడా చేతులు ఆగలేదు.

"ఏమ్మా, గొంతు ఇస్తావా?" హాలు వెనక బల్ల దగ్గరి నుంచి మైకులాయన కేకేశాడు. ఏళ్లుగా వీళ్ల కచేరీలన్నిటికీ ఆయనే. గొంతు అలిసిపోతుందని భర్త ముందుగా రాడు. అందుకని ప్రతి హాలులోనూ ఆమే మైకు ముందు నిలబడి, ఖాళీ కుర్చీలకు ఆ మొదటి పాట పల్లవి వినిపిస్తుంది. మైకులాయన మీటలు సరిచేసి, "చాలమ్మా" అంటాడు. ఆమె దిగిపోతుంది. ఆ రెండు పంక్తుల కోసమే తను ఇన్ని హాళ్లు తిరుగుతోందేమోనని ఆమెకు అనుమానం. గొంతు అవతలి గోడకు తగిలి కాస్త ఆలస్యంగా తిరిగొస్తుంది. అచ్చం తనలాంటి మనిషే అక్కడ కాపురముంటూ, ఎప్పుడొస్తావని అడుగుతున్నట్టుంటుంది.

వేదికెక్కి, మైకు చేతిలోకి తీసుకుని పల్లవి పాడి, అలవాటుగా ఆగింది. ఈసారి "చాలమ్మా" అని వినిపించలేదు.

"ఎప్పుడూ ఇక్కడే ఆపేస్తావేంటమ్మా? చరణం రాదా నీకు?"

రాదా! నవ్వొచ్చింది. అయితే అంట్ల చప్పుడులో తప్ప ఆ చరణం తను నోరారా పాడుకోనేలేదు.

ఇంతలో తలుపులు తెరుచుకున్నాయి. పిల్లలు కబుర్లాడుకుంటూ వచ్చి కుర్చీలు నింపుతున్నారు.

"వదినా, నా కర్రలు కనపడట్లేదు!" మరిది గుమ్మంలోంచే అరిచాడు.

"నీ సంచీ పక్క జేబులో చూడు."

"ఉన్నాయి, ఉన్నాయి!"

భర్త నవ్వుతూ, అందరినీ పలకరిస్తూ వేదిక దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. "అయిందా? ఇలా ఇచ్చెయ్. పిల్లలు చూస్తున్నారు."

ఆమె చెయ్యి ఆమెనడగకుండానే కిందికి వంగింది. మైకు అతని వేళ్లకు జానెడు దూరంలో ఉండగా, ముందు వరసలో గిటారు పెట్టెను ఒళ్లో పెట్టుకున్న ఒక అమ్మాయి కనిపించింది. ఆ అమ్మాయి అతన్ని చూడటం లేదు. తలుపు బయటి నుంచే పల్లవి విన్నదేమో, పాట మధ్యలో ఆగిందే అన్నట్టు ఈమెనే చూస్తోంది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మైకును మళ్లీ పెదవుల దగ్గర పెట్టుకుని, గుండె నిండా గాలి పీల్చి, చరణం ఎత్తుకుంది.