ఇంద్రమ్మ ఒప్పుకున్న తప్పు

మా ఆగయ్య వయసులో ఉన్నప్పుడు సైకిల్‌కు రెండు కల్లు కుండలు కట్టుకుని మల్లాపూర్ నుంచి కోరుట్లకు తొక్కితే, కుండలు ముందు చేరేవి, నురగ తర్వాత తీరిగ్గా వచ్చి వాటి మీద కూర్చునేది. అబద్ధమంటే ఆగయ్య బతికే ఉన్నాడు, అడగండి. ఇంకోటి కలిపి చెబుతాడు.

లత సంగతి మాత్రం ఉన్నదున్నట్టే చెబుతాను.

లత మా పక్కింటి ఎల్లేశం బిడ్డ. ఎల్లేశం షార్జాలో ఇనుప సలాకలు వంచే పనిలో ఉన్నాడు. సలాకల కంటే ముందు అతని నడుమే వంగింది. తల్లి ఇంద్రమ్మ బీడీలు చేస్తుంది. ఆ బీడీల గంప సైకిల్‌కు కట్టుకుని కార్ఖానాకు పోతున్న లతను సైకిల్ పందేల కోచ్ ప్రేమ్‌కుమార్ మోటారు సైకిల్ మీద వెంబడించి అందుకోలేకపోయాడు. పెట్రోల్ తక్కువుందని ఇప్పటికీ అంటాడు. హైదరాబాద్ హాస్టల్లో చేర్చి పందెపు సైకిల్ ఇచ్చాడు. జాతీయ పోటీలో గెలిస్తే రైల్వేలో నౌకరీ, నౌకరీ వస్తే తండ్రి ఇల్లు చేరతాడు. ఆ ఇంట్లో అందరి ఆశా అదే.

పోటీకి ముందు లత ఇంటికి వచ్చి జ్వరంతో పడిపోయింది.

"సూది పడితెగాని జరం ఇడువది. జలపతి డాక్టర్‌ను పిలుత్త."

"అద్దమ్మా. కోచ్ సారు దగ్గు మందు సుత తాగద్దన్నడు."

"మీ సారుకు పిల్లలున్నరానే? నువ్వు మూలుగుతాంటె సూసుకుంట కూసోవాల్నా?"

మా దిక్కు సూది వేయనివాడు డాక్టరే కాదు. గోళీ ఇచ్చి పంపితే, మా మీద కోపమా సారూ అని అడుగుతాం. జలపతి ఒకప్పుడు ఎవరి దగ్గరో కాంపౌండరు. ఏం మందో అడిగే అలవాటు మాకు లేదు, చెప్పే అలవాటు అతనికీ లేదు. లత కళ్లు మూసుకుని చెయ్యి చాపింది.

లేచి వెళ్లింది, గెలిచింది. ఊళ్లో డప్పులు కొట్టాం. ఎల్లేశం ఫోన్లో ఏడ్చి, ఇక వీసా పొడిగించవద్దని కంపెనీలో చెప్పేశాడు.

తర్వాత ప్రేమ్‌కుమార్ వచ్చాడు. గెలిచిన రోజు పరీక్షకు తీసుకున్న మూత్రంలో స్టెరాయిడ్ దొరికిందట. డోపింగ్ అన్నాడు.

"గాంజానా సారూ?" అన్నాడు ఆగయ్య. "గౌండ్లోల్ల ఇంట్ల పుట్టి కల్లు సుత ముట్టని పిల్ల!"

"గాంజా కాదు తాతా, లత చెప్పిన గా సూదిల మందు. బయటి దేశాలల్ల పెద్దపెద్దోళ్లు డాక్టర్లను ఎంటేసుకొని గెలువాల్నని అసొంటియే ఎక్కిచ్చుకుంటరు. దొరికితె ఆళ్లకు వకీళ్లుంటరు. ఆళ్ల కోసం ఏసిన వలల మనసొంటోళ్లు పడుతున్నరు. గిట్లయితె రేపు సైకిల్ పందేలకు ఊళ్ల నుంచి ఎవలస్తరు?" ఇంద్రమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, కమిటీ అడుగుతది. జరమస్తె ఏపిచ్చిన, ఏం మందో తెల్వదు అను. ఉన్నదే గది. ఒక్క మాట ఎక్కువ అనకు. తెల్వక జరిగిందంటె శిక్ష తగ్గుతది, రైల్వేవోళ్లు ఆగుతరు. గెలుపు కోసమని తేలితె నాలుగేండ్లు బందు, నౌకరీ గూడ పోతది."

ఆయన వెళ్లాక ఆగయ్య తల అడ్డంగా ఊపాడు. మా కుల పంచాయితీలో ఒక పద్ధతి ఉంది. పిల్లల మీద తగువొస్తే ఇంటి పెద్ద లేచి తప్పు తన నెత్తిన వేసుకోవాలి. చేసిన దానికన్నా ఎక్కువే ఒప్పుకోవాలి. అప్పుడే పెద్దమనుషులు మెత్తబడతారు. వాదించినవాడికే దండుగ ఎక్కువ.

"సారు చిన్నోడు, ఆనికేం ఎరుక?" అన్నాడు. "తప్పు మీదేసుకో ఇంద్రమ్మా. పిల్లను ఇడిసిపెడుతరు."

విచారణ జగిత్యాలలో, ఎహసాన్ కంప్యూటర్ షాపులో జరిగింది. ప్రేమ్‌కుమార్, నేనూ తోడు వెళ్లాం. తెర మీద కమిటీవాళ్లు ముగ్గురు కనిపించారు, వాళ్లలో ఒకామెకు తెలుగు వచ్చు. లత చెప్పాల్సింది చెప్పింది. తర్వాత ఆ తెలుగు వచ్చినామె, "అమ్మా, ఆ ఇంజెక్షన్ ఎందుకు వేయించారు?" అని అడిగింది.

ఇంద్రమ్మ లేచి, కొంగు ముందుకు తీసుకుని దండం పెట్టింది.

"తప్పు నాది తల్లీ. నా బిడ్డకేం ఎరుకలేదు. పందెం గెలువాలె, బలం రావాలె అని నేనే చెప్పి పెద్ద సూది ఏపిచ్చిన. శిక్ష నాకెయ్యిండ్లి."

"అమ్మా, జరానికి గదా!"

"నువ్వు ఊకో బిడ్డా. పెద్దలతోని నేను మాట్లాడుతున్న."

"మా అమ్మ అబద్ధం చెప్తుంది మేడం!"

"మీ అమ్మ ఇప్పుడే కదమ్మా నిజం ఒప్పుకుంది," అన్నదామె, పక్కవాళ్లకు ఇంగ్లీషులో వివరిస్తూ. ప్రేమ్‌కుమార్ తల పట్టుకుని గోడకు ఒరిగాడు.

నా జన్మలో ఎన్నో అబద్ధాలు చెప్పాను, ఒక్కటీ ఎవరూ నమ్మలేదు. ఇంద్రమ్మ చెప్పిన ఒకే ఒక్కటి అక్కడికక్కడే నమ్మారు.

నాలుగేళ్లు వేశారు. ఆ మాట ఫోన్లో విని లత వాకిట్లోనే నిలబడిపోయింది.

"ఏమన్నరే? నేను దండం పెట్టినంక మెత్తవడ్డరా?" ఇంద్రమ్మ ఆకు కత్తిరిస్తూ అడిగింది.

లత తల్లి వేళ్లను చూసింది. తంబాకు పట్టి నల్లబడ్డ వేళ్లు.

"మెత్తవడ్డరమ్మా. నువ్వు మాట్లాడబట్టే తక్కువేసిండ్రట."

"సూసినవా మామా!" అంది ఇంద్రమ్మ నాతో. నేను తల ఊపాను.

లత గోడ పక్కకు పోయి తండ్రికి ఫోన్ కలిపింది. సలాకల చప్పుడు నా దాకా వినిపించింది.

"బాపూ, నీ జాగాల ఇంకెవల్నన్న పెట్టిండ్రా? పెట్టకుంటె... వీసా పొడిగియ్యమని అడుగు."

అవతల సలాకల చప్పుడు ఆగింది.

"అడుగుత బిడ్డా," అన్నాడు ఎల్లేశం. "మీ అమ్మకు మాత్రం కంపెనీవోళ్లే ఇడుస్తలేరని చెప్పు."

లత వచ్చి అట్లాగే చెప్పింది.

"ఎట్ల ఇడుస్తరే? గసొంటి పనోడు దొరుకుతడా ఆళ్లకు!" అని ఇంద్రమ్మ మురిసిపోయి ఇంకో ఆకు అందుకుంది.