దాచని హెచ్చరిక

బోరు మోటార్లను ఫోన్‌తో నడిపే పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ అనంతపురంలో దివాకర్‌ది. వాటి సాఫ్ట్‌వేర్ అంతా హీనా చూసుకుంటుంది. ఆ ఉదయం క్లౌడ్‌లో భద్రతా ఆడిట్ నడిపేసరికి తెర నిండా ఎర్ర హెచ్చరికలే. ప్రతి పెట్టెకూ వేరే డిజిటల్ తాళం ఉండాలి. తొందరలో అన్నిటికీ ఒకటే ఎక్కించేశారు. ఒక పెట్టె విప్పి ఆ తాళం సంపాదించినవాడు ఎవరి మోటారునైనా ఆడించగలడు.

దివాకర్ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. మధ్యాహ్నం బెంగళూరు నుంచి పెట్టెలు కొనేవాళ్లు వస్తున్నారు.

"ఆ ఎర్రవి కనపడకుండా చేసేదానికి ఏదో కమాండ్ ఉండాదంటివి కదమ్మా?"

"ఉండాదన్నా. క్లౌడ్‌కు అది పంపితే ఆడిట్ వాటిని లెక్కలోకి తీసుకోదు. అది టెస్ట్ పెట్టెల కోసం. పొలాల్లో ఉండేవాటికి కాదు."

"వాళ్లు పోయినాంక సరిచేద్దాం. ఇప్పుడైతే దాచిపెట్టు."

హీనా టైపు చేయడం మొదలుపెట్టింది. ఎందుకు దాస్తున్నారో కారణం రాయమంది కంప్యూటర్. ఆమె ఆ గడి ఖాళీగానే వదిలి వెనక్కి తిరిగింది.

"అన్నా, గార్లదిన్నెలో మీ చీనీ తోట మోటారు ఇప్పుడు ఆడతాందా?"

"ఆడతాంది. మాయమ్మ ఆడనే ఉండాది. ఏమి?"

"ఈ బల్ల మీది టెస్ట్ పెట్టెతో దాన్ని ఆపేదా? మీరు సరే అంటేనే."

దివాకర్ నవ్వాడు. "ఆపు, చూద్దాం."

టెస్ట్ పెట్టె తాళంతోనే ఆమె తోటకు ఆదేశం పంపింది. కాసేపటికే అతని ఫోను మోగింది. తల్లి రామసుబ్బమ్మ గొంతు హీనాకూ వినిపించింది.

"ఏమప్పా, కరెంటు ఉండాది, మోటారు నిలిచిపోయింది! సగం చెట్లకు నీళ్లే పారలేదు."

దివాకర్ ముఖంలో నవ్వు పోయింది. వేసవిలో నీళ్లు ఆగితే బత్తాయి తోట ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

"దాచొద్దులేమ్మా," అన్నాడు మెల్లగా. "ముందు మాయమ్మ మోటారు వెయ్యి."

మధ్యాహ్నం తెరను అతనే అతిథుల వైపు తిప్పి, తప్పెక్కడ జరిగిందో చెప్పాడు. వాళ్లలో పెద్దావిడ అంజలి ఆ హెచ్చరికలన్నీ ఒక్కొక్కటే చదివింది.

"ఆర్డరు ఇవాళ ఇవ్వలేం," అంది చివరికి. "అన్నీ సరిచేసి పిలవండి. తప్పకుండా వస్తాం."

మర్నాడే హీనా, దివాకర్ బండి మీద శింగనమల పొలాలకు బయల్దేరారు. మొదటి పెట్టె శ్రీరంగప్పది.

"ఏం చేస్తాండారమ్మా?" అన్నాడు ఆ ముసలాయన.

"దీని తాళం మారుస్తాండాం తాతా. పాతది గట్టిది కాదు. తప్పు మాదే."

"చెప్పి మారుస్తాండారు, అంతే చాలు. పని అయినాంక ఇట్ల రాండి, శెనక్కాయలు ఉడకబెట్టినాం."

హీనా స్క్రూడ్రైవర్ అందుకుంది. రాత్రి సరిగా నిద్ర లేకపోయినా ఆమెకు ఒళ్లు తేలిగ్గా ఉంది.