పన్నెండో వీపు

మా మామయ్యగారి మిలిటరీ జ్ఞాపకాలకి శుద్ధప్రతి రాసేది నేనే. ఆయన చెయ్యి వణుకుతుంది. నా చదువు తొమ్మిదిలోనే ఆగిపోయినా, దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని ఆయన నమ్మకం. పుస్తకం పేరు ‘ఒక్కణ్ణీ వదిలి రాలేదు’. రేపు ప్రెస్సుకి ఇవ్వాలి. పేరు రాసే మొదటి కాగితం ఆఖర్న రాద్దామని ఖాళీగా ఉంచాను.

"పేరు కథకి నప్పిందా అమ్మాయ్?" అన్నారు మధ్యాహ్నం, బూట్ల లేసులు కట్టుకుంటూ.

"చదువుకున్నవాళ్ళని అడగండి మామయ్యగారూ."

"వాళ్ళు మొహమాటానికి బ్రహ్మాండం అంటారు. నువ్వయితే చదివి చెప్తావు."

రోజూ బడినుంచి పిల్లల్ని తెచ్చే పైవాటా అక్కకి జ్వరం. ఆవిడ పిల్లలిద్దరు, పక్కవాటా టైలరుగారి అబ్బాయి, మా బుజ్జిది, మొత్తం నలుగురు. తను తెస్తానని మామయ్యగారు బయల్దేరారు. బడికీ మాకూ మధ్య లారీల రోడ్డు.

"నేనూ వస్తానండీ."

"నీకు తాడు కనిపిస్తే పామే! చీకట్లో అంతమందిని ఏరు దాటించినవాణ్ణి, నలుగురు బుడతల్ని రోడ్డు దాటించలేనా? నువ్వు ఆఖరి అధ్యాయం కానియ్యి."

కూర్చున్నాను గానీ, అక్షరానికోసారి గడియారం చూస్తూనే ఉన్నాను.

ఏరు దాటిన రాత్రి సంగతి అది. ‘ఒడ్డెక్కినవాణ్ణి ఎక్కినట్టు వీపు తట్టి లెక్కపెట్టాను. చివర్న నా గుండె మీద చెయ్యేసుకుని, పన్నెండు, అన్నాను. అందరూ వచ్చారు. అవతలి ఒడ్డున ఏదో అరిచింది. నక్క అనుకున్నాం. తెల్లారి చూస్తే రేడియో మోసే కుర్రాడు లేడు. పారిపోయాడని పైకి రాసి పంపాను.’

పన్నెండు. ఎందుకో చెయ్యి ఆగింది. మొదటి నోటుబుక్కు తీశాను. ‘నా కింద పన్నెండుమంది కుర్రాళ్ళు’ అని ఉంది. వేళ్ళ మీద లెక్కేశాను. తననీ కలుపుకుంటే పదమూడు రావాలి. మళ్ళీ వేశాను. పదమూడే.

ఇన్నేళ్ళూ ఆ కుర్రాడి తల్లి, పిరికిపంద తల్లి అనిపించుకుని ఎలా తలెత్తుకు తిరిగిందో.

అంతలోనే గుర్తొచ్చింది. ఆయన ఇప్పుడు లెక్కపెడుతున్నది నా పిల్లని.

చెప్పుల్లో కాళ్ళు పెట్టానో లేదో, మెట్ల మీద బూట్ల చప్పుడు. బ్యాగు మీద తట్టిన చప్పుడు.

"ఒకటి. రెండు. మూడు." కాస్త ఆగి, "నాలుగు! అందరూ హాజరమ్మాయ్!"

తలుపు తీశాను. అక్క పిల్లలిద్దరు. టైలరుగారి అబ్బాయి. వాళ్ళ వెనక, గుండె మీద అరచెయ్యి పెట్టుకుని మామయ్యగారు.

"బుజ్జిదేదండీ?"

ఆయన తన చేతి వంక చూసుకున్నారు.

"అవతలే ఉండిపోయింది పిన్నీ," అన్నాడు టైలరుగారి అబ్బాయి. "తాతా తాతా అని అరిచింది కూడా."

ఎన్ని మెట్లు దిగానో గుర్తులేదు. రోడ్డుకి అటుపక్క, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, ఒక కాలు అప్పటికే రోడ్డు మీద పెట్టి ఉంది నా తల్లి. "కదలకే!" అని అరిచాను. మధ్యలోంచి లారీ పోయింది. దాటాక చూస్తే, కాలు వెనక్కి తీసుకుని నిలబడి ఉంది.

చంకనేసుకుని ఇంటికొచ్చేసరికి మామయ్యగారు రెండు నోటుబుక్కులూ ముందేసుకుని, వణికే వేలితో ఒక్కొక్క వీపునీ లెక్కపెడుతున్నారు. నా వైపు తలెత్తలేదు. పేరు కోసం ఉంచిన ఖాళీ కాగితాన్ని మాత్రం పక్కకి జరిపారు.

"నక్క కాదమ్మాయ్," అన్నారు.